గ్రేడ్ త్రీ ఉరుములమ్మ

మెరకరేవు కోటలో గోడలు ఎప్పుడో కూలిపోయాయి. మిగిలినవి ఒక బురుజు, ఒక ప్రభుత్వ మ్యూజియం, సముద్రం కనపడకుండా బురుజు వైపు మూతి తిప్పి ఉన్న ఒక ఫిరంగి. మ్యూజియానికి అధికారి పొట్నూరు వైకుంఠరావు. ఫిరంగికి అధికారి అంటూ ఎవరూ లేరు గానీ, దాని మంచిచెడ్డలు చూసేది గనగళ్ల ఎర్రమ్మ. ఆవిడ దాని పక్కన గోనెపట్టా పరుచుకుని ఎండుచేపలు అమ్ముకునేది. శుక్రవారం వస్తే దాన్ని శుభ్రంగా కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టేది. ఊళ్లో మత్స్యకారులందరికీ అది ఉరుములమ్మ. దాని మూతి తాకి కళ్లకద్దుకోకుండా ఎవడూ పడవ నీళ్లలోకి తోసేవాడు కాదు.

వైకుంఠరావు నెమ్మదస్తుడు. ఎవరి జోలికీ పోడు. ఆయనకున్న గర్వం ఒక్కటే. తాను పంపిన కాగితం ఏదీ పై ఆఫీసునుంచి ఇంతవరకు తిరిగి రాలేదు. ఖాళీ గడి ఉంటే కాగితం తిరిగొస్తుంది కనక, ఆయన ఏ గడినీ ఖాళీగా వదిలేవాడు కాదు. ఒకసారి మ్యూజియంలోని రాతి నందికి 'వైవాహిక స్థితి' అన్నచోట 'అవివాహితుడు' అని రాసి, ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాడు.

ఇలా ఉండగా పురావస్తు విశిష్టతా శాఖవారి వార్షిక నివేదికలో ఒక పొరపాటు దొర్లింది. ఒకే ఫిరంగి ఫొటో మూడు జిల్లాల పేర్లతో అచ్చయింది. శాసనసభలో ఎవరో నవ్వారు. కమిషనర్ దండిభట్ల మకరందం గారికి ఆ నవ్వు గుచ్చుకుంది. వెంటనే ఉత్తర్వు వెలువడింది:

"రాష్ట్రమునందలి, మూతిగుండా మందు కూరు సమస్త ప్రాచీన ఫిరంగుల అసాధారణ లక్షణములను, వాటి ఒంటిపై గల రాతలను సంబంధిత అధికారులు స్వయముగా గుర్తించి, నిర్ణీత నమూనాలో సమర్పించవలెను. ఏ గడియు ఖాళీగా నుండరాదు."

నిర్ణీత నమూనా అంటూ అప్పటికి ఏదీ లేదు. కొత్తగా తయారుచేయాలంటే కమిటీ వేయాలి. కమిటీ వేయాలంటే గది కావాలి. గదులన్నిట్లోనూ వేరే కమిటీలు కూర్చుని ఉన్నాయి. అందుచేత సిబ్బంది విభాగంవారు ఉద్యోగుల సర్వీసు రిజిస్టరులో మొదటి పేజీనే జిరాక్సు తీయించి జిల్లాలకు పంపేశారు.

వైకుంఠరావు ఆ కాగితం పట్టుకుని, కొబ్బరిపీచూ నిమ్మచెక్కలూ తీసుకుని ఫిరంగి దగ్గరికి వెళ్లి తోమడం మొదలుపెట్టాడు.

"ఏటి బాబూ, ఇయ్యాల సుక్కురవారం కాదు కదా?" అంది ఎర్రమ్మ.

"పుట్టుమచ్చలు వెతకాలి ఎర్రమ్మా. రెండు కావాలట."

"అమ్మోరికి పుట్టుమచ్చలెతుకుతావేటి బాబూ? ఆడకూతురు! నలుగురూ తిరిగే సోటు!" అంటూ ఆవిడ గబగబా వచ్చి ఫిరంగి మీద తన తువ్వాలు కప్పబోయింది.

"పైనుంచి ఆర్డరమ్మా."

"పైనున్నోళ్లకి ఇంట్లో అప్పసెల్లెళ్లు నేరేటి?" అని ఆవిడ తువ్వాలు సగమే కప్పి ఊరుకుంది.

సగం చాలు. పసుపూ తుప్పూ ఊడివచ్చేసరికి ఫిరంగి ఒంటిమీద రాతలు ఒక్కొక్కటే తేలాయి. ముందు వీపుమీద ఒక కిరీటం బొమ్మ కనిపించింది. దాని కింద ఇంగ్లీషులో జి, ఆర్ అనే అక్షరాలు, మెలికలు తిరిగిన ఆ అక్షరాల నడుమ మూడు అంకె. వైకుంఠరావు కాగితం వంక చూశాడు. 'గ్రేడు' అని ఒక గడి ఎదురుచూస్తూ ఉంది. జి.ఆర్. మూడు అంటే గ్రేడ్ త్రీ కాక మరేమిటి? రాసేశాడు.

ఇంకాస్త వెనక్కి వెళితే, మందు అంటించే రంధ్రానికి దగ్గర్లో, లోతుగా చెక్కిన అంకెలు కనిపించాయి. 24-1-17. ఆయన గభాలున కలం తీశాడు. పుట్టిన తేదీ! తమ శాఖలో పనిచేసే మనుషుల్లో సగంమందికి కూడా ఇంత స్పష్టంగా ఉండదు. 'ఇరవైనాలుగు, జనవరి, పంతొమ్మిది వందల పదిహేడు' అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాశాడు.

మరోచోట కాకికాలులాంటి మూడు గీతల గుర్తు ఉంది. ఎంత ఆలోచించినా అదేమిటో అంతుపట్టలేదు. కానీ చివర 'సంతకం లేదా వేలిముద్ర' అనే గడి ఇంకా ఖాళీగా ఉంది. ఉరుములమ్మ చదువుకోలేదు కాబట్టి అది వేలిముద్రే అయి ఉండాలని నిర్ణయించి, కాగితం ఆనించి పెన్సిలుతో రుద్ది అచ్చు తీశాడు. పుట్టుమచ్చలు: ఒకటి, మూతికి ఎడమవైపు గాటు, రెండు, వీపున చెవిని పోలిన రంధ్రం. ఇంటిపేరు ఏం రాయాలో తోచక ఎర్రమ్మను అడిగాడు.

"మాదే రాసీ బాబూ. ఇన్నాళ్లూ సాకింది మామే కదా," అంది ఆవిడ.

అలా గనగళ్ల ఉరుములమ్మ, స్త్రీ, గ్రేడ్ త్రీ, ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కింది.

కాగితం తిరిగి రాలేదు. బదులుగా ప్రశంసాపత్రం వచ్చింది. మెరకరేవు నమూనాను ఆదర్శంగా తీసుకుని మిగతా జిల్లాలవాళ్లు కూడా తమ ఫిరంగుల పుట్టిన తేదీలు కనిపెట్టి పంపారు. గణాంక విభాగం వాటిని క్రోడీకరించి ఒక ఆశ్చర్యకరమైన సత్యం బయటపెట్టింది. రాష్ట్రంలోని ఫిరంగులన్నీ జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే పుట్టాయి. కాబట్టి ఫిరంగులకు చలికాలమే ప్రసవకాలమని తేల్చారు. కొన్నిటికి నెల ఉండాల్సినచోట సున్నా ఉంది. వాటిని నెలలు నిండకుండా పుట్టినవిగా పరిగణించి ప్రత్యేక శ్రద్ధ తీసుకోవాలని సూచించారు. ఒక ఫిరంగి మాత్రం ముప్ఫైరెండో తారీఖున పుట్టినట్టు తేలడంతో, తప్పుడు సమాచారం ఇచ్చినందుకు దానిమీద క్రమశిక్షణ చర్య మొదలైంది. సంజాయిషీ ఇవ్వమన్నారు. ఇవ్వలేదు. పొగరని రాసుకున్నారు.

గ్రేడ్ త్రీ అన్న తరువాత ఆరోగ్య ధ్రువపత్రం తప్పదు. ప్రభుత్వాసుపత్రి డాక్టరు భానోజీరావు ఒక మధ్యాహ్నం గొడుగు వేసుకుని వచ్చాడు.

"వైకుంఠరావు గారూ, ఇది ఫిరంగండీ," అన్నాడు.

"తెలుసండీ. గ్రేడ్ త్రీ."

డాక్టరు చాలాకాలంగా ప్రభుత్వంలో పనిచేస్తున్నవాడు కనక, ఆపైన ప్రశ్నించలేదు. స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నాడు. మూతిలోకి టార్చి వేసి చూశాడు. ఇలా రాసిచ్చాడు: "నోరు మూతపడదు. చెవి ఒక్కటే, అదియును వీపున. చేతులు రెండును బహు పొట్టి. నడక లేదు. ఒంట్లో ఇనుము పుష్కలముగా నున్నది; రక్తహీనత ప్రశ్నే లేదు. కార్యాలయ విధులకు యోగ్యురాలు."

ఆ తరువాత వానలు పట్టాయి. మ్యూజియానికి జనం రావడం మానేశారు. కాలక్షేపానికి వైకుంఠరావు బీరువాలో ఉన్న పాత ఇంగ్లీషు పుస్తకమొకటి తీసి దులిపి, ఫిరంగుల అధ్యాయం దగ్గర తెరిచాడు. చదువుతూ చదువుతూ ఉంటే ఆయన ముఖం పాలిపోయింది.

జి.ఆర్. అంటే గ్రేడ్ కాదు. ఫిరంగి పోతపోసిన కాలంలో ఇంగ్లండును ఏలిన మూడో జార్జి రాజుగారి ముద్ర. కాకికాలు వేలిముద్ర కాదు, సర్కారు సొత్తు అని చెప్పే బాణం గుర్తు. ఇక 24-1-17 ఏ తల్లీ కన్న తారీఖు కాదు. అది బరువు. పాతకాలపు ఇంగ్లీషు తూకంలో నూట పన్నెండు పౌనుల పెద్ద కొలతలు ఇరవైనాలుగు, ఆ కొలతలో పావు ఒకటి, పదిహేడు పౌనులు. పావులు నాలుగైతే ఒక పెద్ద కొలత అయిపోతుంది కాబట్టి నడిమి అంకె మూడు దాటదు. పాపం, ఫిరంగులకు ప్రసవకాలమంటూ ఏదీ లేదు. లెక్కకడితే ఉరుములమ్మ సుమారు పన్నెండు వందల నలభై కిలోలు తూగుతుంది.

వైకుంఠరావు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడోరోజు ధైర్యం చేసి, జరిగినది జరిగినట్టు రాసి, సవరించవలసిందిగా ప్రార్థించాడు.

జీవితంలో మొదటిసారి ఆయన కాగితం తిరిగొచ్చింది. అడుగున డిప్యూటీ కమిషనర్ హేమనళిని గారి ఎర్రసిరా:

"సర్వీసులో చేరిన పిమ్మట పుట్టిన తేదీ మార్చమని కోరుట సిబ్బందిలో ప్రబలిన దురలవాటు. అయితే పుట్టిన తేదీ అసలు తేదీయే కాదు, బరువని వాదించుట ఈ శాఖ చరిత్రలో ఇదే ప్రథమం. నమూనాలో బరువు అను గడి లేదు. కావున ఫిరంగికి బరువు లేదు. తిరస్కరించడమైనది."

అంతటితో పోయినా బాగుండేది. కానీ ఆ ఫైలు అటూ ఇటూ తిరుగుతూ ఆడిట్ వాళ్ల బల్లమీద పడింది. వాళ్లు చూసింది ఒక్కటే. పుట్టిన సంవత్సరం పంతొమ్మిది వందల పదిహేడు. ఇంకా సర్వీసులోనే ఉంది! పదవీ విరమణ వయసు దాటి దశాబ్దాలు గడిచినా ఒక గ్రేడ్ త్రీ ఉద్యోగి ప్రభుత్వ ఆవరణలోనే తిష్ఠవేసి కూర్చుంటే, స్థానిక అధికారి ఏం చేస్తున్నట్టు? నెలాఖరుకు ఉరుములమ్మను రిటైరు చేయాలనీ, ఆవరణ ఖాళీ చేయించాలనీ, వెళ్లడానికి చోటు లేదంటే పాత ఇనుము కింద వేలం వేయాలనీ ఉత్తర్వు దిగింది.

ఈ కబురు రేవులో పడగానే పడవలన్నీ ఒడ్డునే ఆగిపోయాయి. ఎర్రమ్మ మ్యూజియం గుమ్మంలో చతికిలబడింది.

"అమ్మోర్ని తూకానికి అమ్మేత్తారా బాబూ? మా తాత, ఆడి తాత, అందరూ ఆ మూతి ముట్టుకునే ఏటకెల్లినోళ్లు. నువ్వు పుట్టుమచ్చలెతికినప్పుడే నాను అనుకున్నాను, ఇది అచ్చిరాదని."

వైకుంఠరావు ఇంతకాలం ఖాళీ గడి అంటే భయపడ్డాడు. బురుజు పక్కన ఫిరంగి లేని ఖాళీ ఎలా ఉంటుందో అప్పుడే మొదటిసారి ఊహించుకున్నాడు. ఆ రాత్రే రాజధాని రైలెక్కాడు.

హేమనళిని గారు ఆయన చెప్పిందంతా ఓపికగా విన్నారు.

"మేడమ్, అది ఫిరంగి. మనిషి కాదు. ఫిరంగికి రిటైర్మెంటేమిటి మేడమ్?"

"వైకుంఠరావు గారూ, మీరు భావోద్వేగానికి లోనవుతున్నారు. తోటి ఉద్యోగిమీద అభిమానం ఉండటం సహజం. నాకు కూడా మా సూపరింటెండెంటు రిటైరైనప్పుడు కళ్లు చెమర్చాయి. కానీ నిబంధన ముందు మనిషీ ఇనుమూ ఒక్కటే."

"పోనీ, వేలం ఆపే మార్గం ఏదైనా..."

"ఆవరణలో ఉండే అర్హత లేనివారిని ఉంచే అధికారం నాకు లేదు. అర్హత ఉంటే తీసే అధికారమూ లేదు." అలా అని ఆవిడ తరువాతి ఫైలు తెరిచారు.

వైకుంఠరావు కాళ్లీడ్చుకుంటూ బయటికి వచ్చాడు. లిఫ్టు పాడైంది. మెట్లు దిగుతూ నాలుగో అంతస్తులో ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. అక్కడ వరసగా ఏసీ గదులు ఉన్నాయి. ప్రతి గదిలో ఒక వృద్ధుడు కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరుచుకుని, కదలకుండా ఉన్నాడు. ప్రతి తలుపుమీదా 'సలహాదారు' అని బోర్డు.

"వీరంతా ఎవరు బాబూ?" అని బంట్రోతును అడిగాడు.

"రిటైరైన సార్లండీ. పొద్దున సన్మానం, సాయంత్రం మళ్లీ ఆర్డరు. ఆ చివరి గదిలో సారు ఇప్పటికి మూడుసార్లు రిటైరయ్యారు."

"ఏం పని చేస్తారు?"

"ఉంటారండి," అన్నాడు బంట్రోతు.

వైకుంఠరావు ఆ తెరిచిన నోళ్లవంక తేరిపార చూశాడు. తరువాత రెండేసి మెట్లు ఎక్కుతూ మళ్లీ పైకి పరుగెత్తాడు.

"మేడమ్! ఉరుములమ్మ గారిని సలహాదారుగా నియమించవచ్చు కదా!"

హేమనళిని గారు కలం కింద పెట్టారు. ఆవిడ ముఖంలో మొదటిసారి ఆసక్తి కనిపించింది.

"పూర్వోదాహరణ ఉందా?"

"నాలుగో అంతస్తు నిండా ఉన్నారు మేడమ్."

"సుదీర్ఘ అనుభవం?"

"రెండు వందల ఏళ్లకు పైగా... అంటే, రికార్డు ప్రకారం నూరేళ్లు దాటింది మేడమ్."

"ఎన్నడైనా ప్రభుత్వానికి వ్యతిరేకంగా మాట్లాడిందా?"

"నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది మేడమ్. మాట మాత్రం రాదు."

"ఎక్కడికైనా బదిలీ అడిగిందా? సెలవు?"

"బురుజు దగ్గరనుంచి అంగుళం కదల్లేదు."

ఆవిడ కలం మళ్లీ అందుకున్నారు. "ఇంతటి అభ్యర్థిని మేము ఇన్నాళ్లూ గ్రేడ్ త్రీలో ఉంచాం," అన్నారు బాధగా.

నెలాఖరున వీడ్కోలు సభ జరిగింది. షామియానా వేశారు. రేవంతా వచ్చి కూర్చుంది. కమిషనర్ మకరందం గారు తెచ్చిన శాలువా ఉరుములమ్మ మెడకు సగానికే వచ్చింది. మిగతా సగానికి ఎర్రమ్మ తన చీర ఒకటి కప్పింది.

"ఉరుములమ్మ గారు తమ సుదీర్ఘ సేవాకాలంలో ఒక్కరోజు ఆలస్యంగా రాలేదు," అన్నారు కమిషనర్ గారు మైకులో. "ఒక్కరోజు ముందుగా ఇంటికి వెళ్లలేదు. సహోద్యోగులమీద ఒక్క ఆకాశరామన్న ఉత్తరం రాయలేదు. ఇటువంటి నిబద్ధత నేటి యువతరానికి మార్గదర్శకం!"

అంతా చప్పట్లు కొట్టారు. తరువాత ఆయన జేబులోంచి రెండో ఉత్తర్వు తీసి, సలహాదారు నియామకం చదివారు. ఎర్రమ్మకు ఆ భాష అర్థం కాలేదు.

"ఉంటాదా, పోద్దా బాబూ?" అని వైకుంఠరావును మోచేత్తో పొడిచింది.

"ఉంటుంది."

ఆవిడ ఒక్క కేక పెట్టింది. రేవు రేవంతా లేచి ఈలలు వేసింది. కమిషనర్ గారు అది తన ఉపన్యాసానికే అనుకుని మరో అరగంట మాట్లాడారు.

కానీ సలహాదారు ఆరుబయట ఉండటం హోదాకు భంగం. గది కట్టాలన్నారు. తవుడు అనే సహాయ ఇంజనీరు టేపు పట్టుకుని వచ్చాడు.

"సార్, సలహాదారు గారి బరువెంత? పునాది లెక్కవేయాలి."

వైకుంఠరావు కళ్లు మెరిశాయి. ఇంతకాలానికి ఒక మనిషి నోట ఆ మాట! "ఇరవైనాలుగు, ఒకటి, పదిహేడు," అన్నాడు ఆత్రంగా.

"పుట్టిన తేదీ కాదు సార్, బరువు."

"అదే బరువు నాయనా. పన్నెండు వందల కిలోలు దాటుతుంది."

తవుడు తన కాగితాలు తిరగేశాడు. "ఇక్కడ పుట్టిన తేదీ అని కమిషనర్ గారే ధ్రువీకరించారు సార్. నేనెవణ్ణి కాదనడానికి? బరువు తెలియనప్పుడు సగటు సలహాదారు బరువు తీసుకోమని మా కోడులో ఉంది." అని ఎనభై కిలోలు రాసుకున్నాడు.

వైకుంఠరావు ఉత్తరం రాద్దామని కలం తీశాడు. ఎర్రసిరా గుర్తొచ్చి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

సముద్రపు ఇసకలో, బురుజుకు ఆనుకుని ముచ్చటైన గది లేచింది. నున్నటి పలకలు, అద్దాల కిటికీ, పంకా, రెండు సోఫాలు. ప్రారంభోత్సవంనాడు బెస్తవాళ్లు దుంగలమీద ఉరుములమ్మను ఎక్కించి, మోకులు కట్టి, పాట పాడుకుంటూ లాక్కొచ్చారు. కమిషనర్ గారు రిబ్బను కత్తిరించారు. దుంగలు తీసేశారు. ఉరుములమ్మ పలకలమీద ఆనింది.

ముందు టప్పుమని ఒక చిన్న చప్పుడైంది. తరువాత టపటపా వరసగా. బరువంతా వెనకవైపే ఉన్న సలహాదారు గారు వెనక్కి వాలి, పలకల్ని పిండి చేసుకుంటూ, తాపీగా, హుందాగా, నడుందాకా నేలలోకి దిగిపోయారు. మూతి మాత్రం పైకి లేచి కిటికీ అద్దాన్ని భళ్లున పగలగొట్టుకుని ఆ కిటికీ గట్టుమీద ఆనింది. ఒక సోఫా కూడా ఆవిడ వెంటే వెళ్లింది.

తవుడు అప్పటికే గుమ్మం దాటేశాడు. విలేకరులు కెమెరాలు ఎత్తారు. అందరూ కమిషనర్ గారి వంక చూశారు. ఆయన దుమ్ము దులుపుకుని, చెయ్యెత్తారు.

"చూశారా! ఏసీ గదుల్లో కూర్చోకుండా, పదవి చేపట్టిన మరుక్షణమే ఉరుములమ్మ గారు క్షేత్రస్థాయికి దిగారు!"

మర్నాడు పేపర్లన్నిట్లో అదే వార్త. ముఖ్యమైనవారెవరో చదివి మెచ్చుకున్నారట. వారం తిరక్కుండా కొత్త ఉత్తర్వు: రాష్ట్రంలోని సలహాదారులందరూ మెరకరేవును ఆదర్శంగా తీసుకుని తక్షణం క్షేత్రస్థాయికి దిగవలెను. సాయంత్రానికల్లా నాలుగో అంతస్తులో అందరికీ ఒకేసారి నడుంనొప్పి పట్టుకుంది. నెలాఖరుకు ఆ గదులన్నీ ఖాళీ అయ్యాయి. కమిటీలకు చోటు దొరికింది.

ఉరుములమ్మను పైకి తీయడానికి కూడా ఒక కమిటీ వేశారు. క్రేను కావాలంటే బరువు తెలియాలి, బరువు కావాలంటే నమూనాలో గడి ఉండాలి, అంటూ వాళ్లింకా చర్చిస్తున్నారు. ఒక ఉదయం వైకుంఠరావు ఆ సంగతే చెబితే ఎర్రమ్మ చెయ్యి ఊపేసింది.

"ఒగ్గేయమను బాబూ. నువ్విలా రా, ఇక్కడ కూకుని సూడు."

ఆయన మిగిలిన సోఫాను కాస్త జరుపుకుని, ఫిరంగి మూతి పక్కన తల పెట్టి, పగిలిన కిటికీలోంచి చూశాడు. ఎండ అప్పుడే పడుతోంది. పడవలు ఒకదాని వెనక ఒకటి అల దాటుతున్నాయి.

"సూసావా? అమ్మోరికి సముద్రం అగుపడతంది," అంది ఎర్రమ్మ.